రాయి మారితే నీళ్ళూ మారతాయి!

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కితే సూర్యాపేటలో ఒక టీ, కోదాడలో ఇంకో టీ... ఆ ఊళ్ళతో చాలామందికి ఉన్న పరిచయం అంతే! ఈసారి కిటికీలోంచి కాస్త నేలకేసి చూడండి. సూర్యాపేట చుట్టుపక్కల ఎవరో పేర్చిపెట్టినట్టు గుండ్రాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. కోదాడ దాటి మేళ్ళచెరువు, హుజూర్‌నగర్ వైపు మళ్ళారా, ఆ గుట్టలు మాయం! అక్కడ రాయి పలకలు పలకలుగా ఉంటుంది. దూరాన సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు. ఇంత దగ్గరలో రాయి ఇంతలా ఎందుకు మారింది? ఈ సంగతికీ, మీ వంటింట్లో పప్పు ఉడకకపోవడానికీ సంబంధం ఉంది సుమా!

సూర్యాపేట గుట్టలది గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటి రాయి. మన రోళ్ళూ, తిరగళ్ళూ ఈ జాతివే. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందట, ఇప్పటి కడప, కర్నూలు, పల్నాడు ప్రాంతాల్లో ఈ గట్టి నేలే సాగడం మొదలుపెట్టిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. చపాతీ పిండి ముద్దను రెండు చేతులతో లాగి చూడండి, నడుమ పలచబడుతుంది కదూ! నేలా అలాగే పలచబడింది. కింది వేడి పైకొచ్చింది. కరిగిన రాయి పొరల మధ్యకు ఎగదన్నింది. పులివెందుల దగ్గర ఆ నల్లరాయి ఇప్పటికీ ఉంది. తరవాత వేడి చల్లారేకొద్దీ నేల బరువెక్కి, ఇంకా కుంగింది. ఆ పల్లంలోకి సముద్రం వచ్చింది.

ఇక్కడో విచిత్రం. ఈ రాళ్ళలో చాలావాటి మీద లోతులేని నీటి గుర్తులే ఉంటాయి. అలలు గీసిన చారలు, ఎండకు బీటలువారిన బురద ఆనవాళ్ళు. మరి పొరల మందమో, కొన్ని కిలోమీటర్లు! లోతులేని నీళ్ళలో అంత మందం ఎలా పేరుకుంది? నులక మంచం మీద బొంతలు ఒకదానిమీద ఒకటి వేస్తూ పోండి. బరువుకి మంచం కుంగుతుంది, పైన ఇంకో బొంతకు చోటు దొరుకుతుంది. ఇక్కడా అంతే. ఇసుక, బురద, సున్నం పడేకొద్దీ అడుగు దిగుతూ పోయింది. అలా నిండిన పల్లమే కడప బేసిన్. సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల నెలవంక! దాని ఉత్తరపు కొస హుజూర్‌నగర్, మేళ్ళచెరువుల దాకా వచ్చింది. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ రాళ్ళకు కడప, కర్నూలు పేర్లు పెట్టి వివరించాడు. అందుకే హుజూర్‌నగర్ సున్నపురాయికీ శాస్త్రంలో కర్నూలు పేరే!

తరవాత తూర్పు నుంచి ఒత్తిడి వచ్చింది. చాపను ఒక పక్కనుంచి నెడితే ముడతలు పడదూ! పల్లంలో పేరుకున్న పొరలు అలా మడతలుపడి లేచినవే నల్లమల కొండలు. అంటే ఒకప్పుడు అడుగున ఉన్నదే ఇవాళ శిఖరమన్నమాట! ఆ ఒత్తిడి అంతగా తగలని చోట్ల పొరలు పరిచినవి పరిచినట్టే ఉండిపోయాయి.

చూడాలనుందా? రైసు మిల్లుల ఊరు మిర్యాలగూడ నుంచి బయల్దేరండి. వాడపల్లిలో కృష్ణా, మూసీ కలిసేచోట అగస్త్యేశ్వరుణ్ణీ, లక్ష్మీనరసింహస్వామినీ దర్శించుకోండి. ఆ చుట్టుపక్కల సున్నపురాయి పొరలు అట్ల దొంతరలా ఉంటాయి. మన ఇళ్ళలో పరిచే నాపరాళ్ళు ఈ కోవవే. అక్కణ్ణించి నాగార్జునసాగర్ వెళితే, కొండల్లో అడుగున గ్రానైటు, దానిమీద అడ్డంగా పరుచుకున్న పొరలు కనిపిస్తాయి. కుంగిన నేల అంచు అదే!

ఇక వంటింటి సంగతి. సున్నపురాయి నేలలో బోరు నీళ్ళు గిన్నెలకు తెల్లటి పెచ్చు కడతాయి. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. ఆ నీళ్ళను బాగా మరిగించి, చల్లార్చి, పైతేట తీసుకుంటే సున్నం చాలావరకు అడుగుకు దిగుతుంది. పప్పును ఆ తేటలోనే నానబెట్టండి.

గ్రానైటు నేల గొడవ వేరు, ఇంకా పెద్దది. ఆ రాతిలోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీళ్ళలోకి దిగుతుంది. అది కంటికి కనిపించదు, నాలుకకు తెలీదు, పప్పూ మామూలుగానే ఉడుకుతుంది! కానీ ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళు మచ్చలుపడతాయి, ఎముకలు వంగిపోతాయి. ఉమ్మడి నల్గొండ జిల్లా తల్లులకు ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. ముఖ్యంగా గుర్తుంచుకోండి, ఫ్లోరైడు మరిగిస్తే పోదు. నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది కూడా!

అందుకే మీది ఏ రాతి నేలైనా బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్ళు ఇంటికొస్తుంటే, తాగడానికీ వంటకీ అవే వాడండి. బోరు నీళ్ళు బట్టలకీ, గిన్నెలకీ ఉంచుకోండి. నేల కోట్ల ఏళ్ళ కిందట చేసినదాన్ని మనం మార్చలేం. బిందెలోకి ఏ నీళ్ళు పట్టాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది!