అమ్మ గోళ్ళు

వీణ వాయించే సాధనానికి అమరకోశంలో ‘కోణము’ అని పేరుంది. యీ ముక్క క్లాసులో యేళ్ళ తరబడి చెబుతూనే వున్నాను. కాని మా యింటి కోణం యెప్పుడు అరిగిపోయిందో గమనించలేదు.

మా అమ్మకు పుట్టింటివారు యిచ్చిన బొబ్బిలి వీణ వుంది; పనసకర్రది. నా చిన్నతనంలో సాయంత్రం దీపం పెట్టి వాయించుకొనేది. తరువాత యెప్పుడో దానిమీద గుడ్డ పడింది. మొన్న సంక్రాంతికి మా అమ్మాయి, “వాయించవూ బామ్మా?” అని గారాలు పోయింది.

“గోళ్ళు లేవే తల్లీ” అంది అమ్మ.

యిదెంత పని అనుకొని బజారుకు వెళ్ళాను. కొట్టువాడు బల్లమీద పరిచాడు: సరోద్‌కు కొబ్బరిచిప్పతో చేసిన జవా, గిటారుకు ప్లాస్టిక్ ముక్క, ఉక్కుతీగను వంచి చేసిన మిజ్రాబ్. ఆఖరిది ముచ్చటగా వుందని తెచ్చాను.

అమ్మ నవ్వింది. “యిది సితారుదిరా! వాళ్ళకు చూపుడువేలు ఒక్కటే లోపలికీ బయటికీ కొడుతుంది. మనకు చూపుడువేలూ నడిమివేలూ మార్చి మార్చి కిందికి మీటాలి. తాళం తీగలు 3 చిటికెనవేలి వంతు.”

మళ్ళీ వెళ్ళి వీణకు వాడే తీగచుట్లు రెండు తెచ్చాను. అమ్మ శ్రుతి సవరించి, అవి తొడుక్కొని నాలుగు స్వరాలు పలికించింది. నాదం వీధి గుమ్మందాకా ఖంగుమంది. మేం చప్పట్లు కొట్టాం. అమ్మ వాటిని తీసి నా చేతిలో పెట్టింది.

“బాగానే వుందిరా. వీటితో వాయించేవాళ్ళూ వున్నారు. కాని గోరూ, దానికింద కండా రెండూ ఆనితేగాని తీగ నా మాట వినదు.”

“మరి గోళ్ళు పెంచుకోరాదూ?”

“పెరగనిస్తేగా! అంట్లు తోమాలి, చింతపండు పిసకాలి...”

నిష్ఠూరంగా అనలేదు. కందిపప్పు ధర చెప్పినట్టు చెప్పింది. నేనూ మా ఆవిడా ఉద్యోగాలకు పోతాం; యిల్లంతా అమ్మ చేతిమీదే. నలభైయేళ్ళుగా ఆ చేతి అన్నం తిన్నాను. తిన్నది అన్నమొక్కటే కాదని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రినుంచి అంట్లు నేను తోముతున్నాను. అమ్మ నొచ్చుకుంది, మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుందట. తొందరేముంది? అమ్మ చిక్కుడుకాయల యీనెలు తియ్యబోతే, “గోరు విరుగుతుంది బామ్మా!” అని మా అమ్మాయి చేట లాక్కుంటోంది.

నిన్న కాలేజీకి బయలుదేరుతుంటే అమ్మ చిన్న చీటీ యిచ్చింది. వీణకు కొత్త తీగలు కావాలట. ‘సితారువి కాదు’ అని రాసి, కింద రెండు గీతలు గీసింది.