లామింగ్టన్ రోడ్డులో ఒక పూట: పాత కంప్యూటర్ బాగు చేయాల్నా, కొత్తది కట్టించాల్నా?

ముంబయిలో కంప్యూటర్ సామాను అంటే అందరి నోట్లో వచ్చే పేరు లామింగ్టన్ రోడ్డు. లోయర్ పరేల్‌లో స్లో లోకల్ ఎక్కితే మహాలక్ష్మి, ముంబయి సెంట్రల్ దాటినాక గ్రాంట్ రోడ్. అక్కడ దిగి తూర్పు వైపు నాలుగు అడుగులేస్తే బజారే. 1903 నుంచి 1907 దాక బొంబాయి గవర్నర్‌గా ఉన్న లార్డ్ లామింగ్టన్ పేరు ఈ రోడ్డుకు పెట్టిన్రు. ఇప్పుడు సర్కారు పేరు డాక్టర్ దాదాసాహెబ్ భడ్కంకర్ మార్గ్. ఆ పేరు బోర్డు మీద ఉన్నది గానీ జనం పాత పేరే వాడుతరు.

మన పెద్దోళ్లకు ఈ రోడ్డు సినిమాలతోని ఎరుక. 1975లో వచ్చిన షోలే ఏండ్ల తరబడి ఆడిన మినర్వా టాకీసు ఇక్కడనే ఉండేది. ఇంకా తూర్పుకు పోతే కామాటిపుర. నైజాం ఇలాఖా నుంచి కూలికి వచ్చి ఇండ్లు, రోడ్లు కట్టిన మన తెలుగు కామాటీల పేరే ఆ పేటకు వచ్చింది. కాబట్టి ఈ దిక్కు మనకు కొత్త కాదు. కొత్తగున్నదల్లా అక్కడి సామాను.

మా మనుమరాలు బీకాం మొదటి సంవత్సరం చదువుతున్నది, సాయంత్రం ట్యాలీ నేర్చుకుంటున్నది. ఇంట్ల ఉన్న కంప్యూటర్ 2014లో కొన్నది. బటన్ నొక్కి చాయ్ పెట్టుకొని తాగి వచ్చినా ఇంకా తిరుగుతనే ఉంటది. "కొత్తది తీసుకుందాం, నలభై వేలల్ల వస్తది, ఈఎంఐ పెడదాం" అన్నడు మా కొడుకు. కోడలు ఏమనలేదు. ఇంకా ఒక ఫీజు కట్టాల్సి ఉన్నదని ఆమెకు తెలుసు. "నా పేరు మీద అప్పు చేయకు నాయిన, ముందుగాల్ల దీనికి ఏమైందో చూద్దాం" అన్నది పిల్ల. ఆ మాట నాకు నచ్చింది.

సాంచ ఖాతాలో పని చేసినోళ్లకు ఇది తెలిసిన సంగతే. సాంచ ఆగితే జాబర్ వచ్చి కొత్త సాంచ తెమ్మనడు. నూలు తెగుతున్నదా, షటిల్ తప్పుతున్నదా, పికర్ అరిగిందా అని చూస్తడు. పికర్ అరిగితే పికర్ మారుస్తడు. ఫ్రేమే పగిలితే మాత్రం ఎన్ని పికర్లు మార్చినా పైసలు దండుగ. కంప్యూటర్‌కు కూడ ఇదే లెక్క.

ఏది అడ్డం పడుతున్నదో ఇంట్లనే చూడొచ్చు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ అని ఉంటది. పిల్ల అది తెరిచి చూపించింది. ప్రాసెసర్ ఇరవై శాతం దగ్గర ఉన్నది. ర్యామ్ నాలుగు జీబీ దాదాపు నిండింది. హార్డ్ డిస్క్ నూటికి నూరు. అంటే మెదడు ఖాళీగ కూర్చున్నది, గోదాం నుంచి సరుకు రాక ఆగుతున్నది. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంటే ఒక సూది లాంటిది దాని మీద వెతుకుతది. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, అంతా చిప్పులే. అందుకే దానికి వేగం ఎక్కువ.

ఇది తెలుసుకొని శనివారం పోయినం. ఆదివారం పోవద్దు, చాలా షాపులు బంద్ ఉంటయి. మొదటి షాపాయన కంప్యూటర్ వయసు అడిగి, డబ్బా చూడకుండనే "ఫేకో, నయా లో" అన్నడు. రెండో షాపుల ఆఫీసుల నుంచి వచ్చిన పాత కంప్యూటర్లు వరుసగ పెట్టిన్రు. ఎనిమిదో తరం ఇంటెల్‌ది పదిహేను వేల చుట్టు చెప్పిన్రు. మూడోది మెట్లెక్కి పోయే చిన్న గది. బల్ల మీద సోల్డరింగ్ కర్ర, స్క్రూలు, నలుగురు పిల్లగాండ్లు. అందుల ఒకడు డబ్బా విప్పి, దుమ్ము ఊది చూసిండు. ర్యామ్ స్లాట్లు రెండుంటే ఒకటి ఖాళీ. బోర్డు మంచిగుంది.

ఆ పిల్లగాడే ఒక సంగతి చెప్పిండు. మాది డీడీఆర్3 ర్యామ్. డీడీఆర్4 తెచ్చి పెడితే గాడి వేరే తావుల ఉంటది, కూర్చోదు. కొత్త ప్రాసెసర్ కావాలంటే సాకెట్ మారుతది, సాకెట్ మారితే బోర్డు, బోర్డు మారితే ర్యామ్. ఒక పోగు లాగితే గుడ్డంతా ఊడినట్టు. అది ఇగ బాగు చేయడం కాదు, కొత్తది కట్టుడే.

ఇంకో చిక్కు ఉన్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ తర్వాతివి కావాలె. మాది నాలుగో తరం. నమోదు చేసుకుంటే రక్షణ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాక వస్తయి. లినక్స్ ఉచితమే గానీ, ట్యాలీ విండోస్ కోసం చేసింది. బ్యాంకు పని చేసే కంప్యూటర్‌కు తాళం లేకుంటే కష్టం.

మనుమరాలు, నేను మెట్ల మీద కూర్చొని కాగితం మీద లెక్క రాసినం. ఎస్ఎస్‌డీ, నాలుగు జీబీ పాత ర్యామ్, కూలి కలిపి మూడు వేల చిల్లర. ర్యామ్ రేపు కొత్తదానికి పనికిరాదు. అందుకే అది సెకండ్ హ్యాండ్‌ది చవకగ తీసుకున్నం. ఎస్ఎస్‌డీ పనికొస్తది, అందుకే బిల్లు, వారంటీతో కొత్తది తీసుకున్నం. మానిటర్, కీబోర్డ్ ఎట్లాగూ ఉంటయి. మిగిలిన పైసలు నెలనెలా పోస్టాఫీసు ఆర్డీలో వేద్దామన్నది. గడువు వచ్చే లోపల ఎనిమిదో తరందో, కొత్తదో చూసుకోవచ్చు. నిర్ణయం ఆమెదే. నేను సంచి మోసిన.

ఇప్పుడు అర నిమిషంల తెరుచుకుంటది. ట్యాలీ నడుస్తది, క్లాసు నడుస్తది.

అయితే అందరికీ ఇదే సలహా కాదు. మా చాల్‌లో ఒక పిల్లగాడు పెండ్లిండ్ల వీడియోలు ఎడిట్ చేస్తడు. అతని టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసరే నూరు శాతం నిలబడుతది. అతనికి ఎస్ఎస్‌డీ వేసినా తీరదు, కొత్తది కట్టించుకోవాల్సిందే. ఆ కంప్యూటర్ అతనికి బువ్వ పెడుతది కాబట్టి అప్పుకు అర్థం ఉన్నది. అతను కూడ ఒకటి తెలుసుకోవాలె. కృత్రిమ మేధ డేటా సెంటర్లకు చిప్పులు పోతున్నందుకు 2025 చివర నుంచి కొత్త ర్యామ్ ధర బాగా ఎక్కింది. అందుకే ఒక పెద్ద కడ్డీ ఇప్పుడు వేసి, ఇంకోటి తర్వాత వేసుకునేటట్టు స్లాట్లున్న బోర్డు చూసుకోవాలె. ఎస్ఎంపీఎస్ మాత్రం చవకది వద్దు. కరెంటు తేడా వస్తే అన్నిటినీ తీసుకపోతది.

పోయే ముందు ఫొటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండ్రి. తీసేసిన పాత డిస్క్ షాపుల విడిచిపెట్టొద్దు, అందుల మన ఆధార్, బ్యాంకు కాగితాలుంటయి. కనీసం మూడు షాపులు తిరగండ్రి. డబ్బా విప్పి చూడనోని మాట మీద పైసలు తీయకండ్రి.

ఇంకొక్క మాట. ఆ పై గదిలో పని చేసే పిల్లగాండ్లలో పెద్ద చదువులు చదివినోళ్లు తక్కువ. చేతుల్లో పని ఉన్నది. మన పేటల్లో పదో తరగతి తర్వాత ఏం చేయాల్నో తోచని పిల్లలుంటే ఒకసారి ఆ మెట్లెక్కించి చూపించండ్రి. మిల్లులు పోయినయి గానీ, చెడ్డ యంత్రం ముందల కూర్చొని "దీనికి ఏమైంది" అని అడిగేటోనికి ఈ ఊర్ల ఇప్పటికీ కూలి దొరుకుతది.