ప్రశ్న వినకుండా జవాబు

నెదర్లాండ్స్‌లో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు. ఆ ధీమాతోనే ఐండ్‌హోవెన్‌లో చాలాకాలం డచ్ జోలికి పోలేదు. కౌంటర్ దగ్గర "విల్ట్ ఊ ద బోన్?" అంటే రసీదు కావాలా అని. సంతలో "ఆండర్స్ నోఖ్ ఈట్స్?" అంటే ఇంకేమైనా కావాలా అని. ఏదడిగినా నవ్వుతూ "యా" అనేసేదాన్ని. ఒక రసీదు ఎక్కువొస్తే పోయేదేముంది?

పాపకు జ్వరం వచ్చినప్పుడు ఆ అలవాటే భయపెట్టింది. ఇక్కడ మామూలు జ్వరానికి నేరుగా ఆసుపత్రికి పోరు. ముందు హౌస్‌ఆర్ట్స్‌కి, అంటే మన కుటుంబ డాక్టరుకి, ఫోన్ చేయాలి. అక్కడి అసిస్టెంట్ నాలుగు ప్రశ్నలడిగి ఎంత తొందరో తేలుస్తుంది. ఇంగ్లీషులో అడగమంటే అడిగేదే, నేనే అనలేదు. "డ్రింక్ట్ జ నోఖ్?" నీళ్లూ పాలూ తాగుతోందా? యా. "ప్లాస్ట్ జ నోఖ్?" ఒంటేలు పోస్తోందా? యా. "ఇస్ జ సుఫ్?" దానికీ యా. సుఫ్ అంటే మత్తుగా, పిలిచినా సరిగ్గా పలకకుండా ఉండటం. వెంటనే తీసుకురమ్మన్నారు. డాక్టరు వచ్చేసరికి పాప అక్కడి బొమ్మలతో ఆడుకుంటోంది. ఆయన ఒక్క మాటా అనలేదు. కానీ అది మరో బిడ్డకు దక్కాల్సిన సమయం. పైగా పాప నిజంగా తాగడం మానేసి ఉంటే, మొదటి ప్రశ్నకు నేనన్న యా విని, ఇంట్లోనే చూసుకోమనేవారేమో. ఆ ఆలోచనకే రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత శ్రద్ధగా కూర్చుని నేర్చుకున్నాను. మన ప్రశ్న ఎక్కువగా చివర్లో తేలుతుంది: తాగుతోందా, తగ్గిందా. నా చెవి అక్కడికోసమే కాచుకునేది. డచ్‌లో తేలేది మొదట్లోనే. క్రియతో మొదలైతే అవునో కాదో చెప్పాలి. లేదా ముందు ప్రశ్న పదం వస్తుంది: వాట్ అంటే ఏమిటి, వార్ అంటే ఎక్కడ, వనేర్ అంటే ఎప్పుడు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు తడబడేది రెండిటి దగ్గర. హూ అంటే ఎలా, వీ అంటే ఎవరు. "హూ లాంగ్ ఆల్?" అంటే ఎన్నాళ్ల నుంచి అని. అపాయింట్‌మెంట్ "హాల్ఫ్ డ్రీ"కి అంటే మూడున్నరకు కాదు, రెండున్నరకు.

కొత్తగా వచ్చిన తల్లులకు ఇప్పుడు ముందుగా చెప్పేవి జబ్బు మాటలే. కోర్ట్స్ జ్వరం, సుఫ్ మత్తు, బనౌట్ ఊపిరాడకపోవడం. వాటితోపాటు "కుంట్ ఊ దాట్ హెర్హాలెన్?" అని కూడా: మళ్లీ ఒకసారి చెప్తారా? అలా అడిగితే ఇంతవరకు ఎవరూ విసుక్కోలేదు.