ట్యాంకులో తుప్పు

మలంచలో మా ఇంటి వరండాలో నాన్న వదిలివెళ్లిన పాత స్కూటరు పెట్రోలు కారుస్తోంది. "వంటింటి పక్కనే ఈ వాసనేంట్రా, అమ్మేయ్" అంది అమ్మ. నాన్న బండిని అమ్మమంటావా అని గట్టిగా కసిరాను. సాయంత్రానికి క్షమించమన్నాను. నాకిది అలవాటే.

స్కూటరును పెరట్లోకి తోసి, పెట్రోలు కాక్ కట్టేసి కార్బొరేటర్ విప్పాను. ఫ్లోట్ బాగానే ఉంది. అది పైకి తేలినప్పుడు పెట్రోలు దారి మూయాల్సిన సూది దగ్గర చిన్న నలక. తుడిచి బిగించాను, చుక్క ఆగింది. మూడో రోజు మళ్లీ కారింది. మళ్లీ నలకే.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన నాన్న, "కారేచోటు కాదురా, కారణం చూడు" అనేవాడు. ట్యాంకులోని పెట్రోలును తెల్లగుడ్డలో వడకడితే ఎర్రటి తుప్పు! ట్యాంకు కడిగి, పైపుకు కొత్త ఫిల్టరు పెట్టాను. మళ్లీ కారలేదు.

దుఃఖానికి కారణముందని, దాన్ని తొలగించుకోవచ్చని బుద్ధవందన తర్వాత ఎన్నిసార్లు విన్నానో! కసరడం, క్షమించమనడం, ఇన్నాళ్లూ నేను సూదినే తుడుస్తున్నాను. నాన్న పోయాక నేను ఒక్కసారీ ఏడవలేదు. ఆ రాత్రి ఆ మాట అమ్మతో చెప్పాను.