వేళ్లలోని ఒడంబడిక

అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో, కాలమజూ నగరానికి ఈశాన్యంగా హికరీ కార్నర్స్ అనే చిన్న ఊరున్నది. దాని చేరువనే గల్ లేక్ అనే విశాలమైన సరస్సు. కార్న్ ఫ్లేక్స్ వ్యాపారంతో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన డబ్ల్యు.కె. కెలాగ్ తన వేసవి విడిదిని ఈ సరస్సు ఒడ్డునే కట్టించుకున్నాడు. నేడు ఆ భవనమూ, చుట్టుప్రక్కల పొలాలూ మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారి జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి చెందినవి.

ఇక్కడికి వచ్చే యాత్రికుని దృష్టి సహజంగా సరస్సు మీద, పక్షి సంరక్షణ కేంద్రంలోని హంసల మీద నిలుస్తుంది. కానీ ఇక్కడి అసలు విశేషం సాగు మాని వదిలిన కొన్ని మళ్లలో, కలుపుగడ్డి నడుమ పెరిగే క్లోవర్ మొక్కల వేళ్లలో దాగి ఉన్నది. ఉత్తర భారతంలో పశువుల మేతకై పండించే బెర్సీమ్ ఈ క్లోవర్ జాతిదే.

క్లోవర్ మొక్కను పెకలించి చూస్తే వేళ్లకు చిన్న చిన్న బొడిపెలు కనబడతాయి. మన వేరుశనగకూ, జనుముకూ ఉండేవి ఇటువంటివే. వాటిలో రైజోబియం అనే బాక్టీరియా నివసిస్తుంది. గాలిలో 78 శాతం నత్రజనియే అయినా, మొక్క దానిని నేరుగా వాడుకోలేదు. బాక్టీరియా ఆ నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి ఇస్తుంది. ప్రతిఫలంగా మొక్క దానికి ఆహారం పెడుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. నత్రజనిని మార్చడం శ్రమతో కూడిన పని. ఒకే మొక్కలో ఎన్నో రకాల బాక్టీరియా ఉండగా, పని చేయక తిని కూర్చున్న రకానికే సంతానం ఎక్కువ కావాలి కదా! మరి ఇన్ని లక్షల ఏండ్లలో ఈ సహకారం ఎందుకు నశించలేదు?

2003లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు దీనికి ఒక సమాధానం చూపారు. సోయాబీన్ బొడిపెల చుట్టూ గాలిలోని నత్రజనిని తొలగించి, దాని స్థానంలో ఆర్గాన్ వాయువును నింపారు. బాక్టీరియా పని చేయలేని స్థితి ఏర్పడింది. మొక్క అటువంటి బొడిపెలకు ప్రాణవాయువును తగ్గించింది. వాటిలోని బాక్టీరియా సంతతి సుమారు సగానికి పడిపోయింది. పని చేయని వానికి తిండి లేదన్నది మొక్క పాటించే న్యాయం.

అయితే మొక్కకు నత్రజని మరొక దారిలో లభిస్తే? హికరీ కార్నర్స్ మళ్లు దీనికే బదులు చెప్పాయి. అక్కడ కొన్ని మళ్లకు 22 ఏండ్లపాటు నత్రజని ఎరువు వేశారు. ప్రక్కనున్న వాటికి వేయలేదు. రెండింటి నుండీ రైజోబియంను సేకరించి, మూడు రకాల క్లోవర్‌పై పరీక్షించారు. ఎరువు వేసిన మట్టి నుండి వచ్చిన బాక్టీరియాతో పెరిగిన మొక్కలు 17 నుండి 30 శాతం తక్కువగా ఎదిగాయి. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అవసరం తీరిన మొక్క మంచి చెడులను ఎంచడం మానగా, సోమరి రకాలదే పైచేయి అయి ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల భావన.

మన రైతులు వరికి ముందు జనుము, జీలుగ చల్లి దున్నడం, కోతల వేళ పిల్లిపెసర వేయడం తరతరాల ఆచారం. యూరియా బస్తా వచ్చాక చాలాచోట్ల అది వెనుకబడింది. ఎరువు తక్షణం పైరును పచ్చగా చేస్తుంది, నిజమే. కానీ బస్తా ధరలో లెక్కకు రాని మూల్యం ఒకటున్నదని ఆ సరస్సు ప్రక్కని మళ్లు హెచ్చరిస్తున్నాయి: మట్టిలోని మన కూలీలు పని మరచిపోగలరు.