జాతి కుక్క కాయితం
(వాడ ముచ్చట్లు – 17)

కుక్కలకు పార్కు ఎందుకని అడిగేతందుకు ఈ పోస్టు రాస్తలేను. ఉండాలె. నోరులేని జీవి గొలుసు లేకుండ ఉరికితే నాకూ సంబురమే. నా తండ్లాట వేరే.

మొన్న సెలవులల్ల ఆర్మూర్ నుంచి హైదరాబాద్ పోతే, మా అక్క కొడుకు కొండాపూర్ డాగ్ పార్కుకు తోల్కపోయిండు. ఒకప్పుడు చెత్త పోసిన జాగా అది. 1.3 ఎకరాలు. జీహెచ్ఎంసీ 1.1 కోట్ల రూపాయలు పెట్టి 2018ల పార్కు చేసింది. గొలుసు విప్పంగనే మావాని లాబ్రడార్ తక్కిన కుక్కలల్ల కలిసిపోయింది. ఒకదాన్నొకటి వాసన చూసుకున్నయి, తోకలు ఊపినయి, ఉరికినయి. అంతే. ఏ కుక్కా ఇంకో కుక్క పుట్టుక అడగలే.

అడిగింది మనిషి. బెంచీ మీద నా పక్కన కూసున్నాయన ముందు కుక్క జాతి అడిగిండు. పేపర్లు ఉన్నయా అన్నడు. తర్వాత మా ఊరు అడిగిండు. ఆర్మూర్ అంటే, "పసుపు పండిస్తరా, భూములెన్ని?" అన్నడు. ఆఖరికి ఇంటిపేరు. చెప్పిన. ముచ్చట ఆడికే బందైంది.

తెలుగు పాఠం చెప్పేటోన్ని, మాట పట్టుకొని ఆలోచన చేస్తుంట. తాతముత్తాతల పేర్లు కాయితం మీద ఉంటే జాతి కుక్క. లేకుంటే ఊరకుక్క. ఈ లెక్క కుక్కలు పెట్టుకున్నది కాదు. మనిషి తన కులం లెక్కనే తీసుకపోయి దాని మెడకు కట్టిండు.

జంతువుకు తెరిచిన తలుపు మనకు మూసుడు కొత్త కాదు. 1941ల జాషువా దళితుని గోడును కాశీ విశ్వనాథునికి చేరేసేతందుకు గబ్బిలాన్ని పంపిండు. గుడిలకు గబ్బిలం పోతది, మనిషి పోలేడు. మహద్ చవదార్ చెరువుల పశువులు నీళ్లు తాగినయి. అంటరానోళ్లను తాగనియ్యలే. 1923ల బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. 1924ల మహద్ మున్సిపాలిటీ చెరువు అందరిదన్నది. కాయితం మీద! 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతోని నడిచిపోయి దోసిట్ల నీళ్లు పట్టినంకనే ఆ కాయితానికి పానం వచ్చింది.

మన జిల్లా సంగతేంది? గ్రామాభివృద్ధి కమిటీ తీర్మానం చేస్తది. తెల్లారేసరికి దళిత కుటుంబానికి హోటల్ల చాయ్ లేదు, కిరాణంల ఉప్పు లేదు, కైకిలి లేదు. మాట్లాడినోళ్లకు జరిమానా. ఊరంత మనదే, కాలు పెట్టే జాగనే లేదు.

అసొంటి సాంఘిక, ఆర్థిక బహిష్కరణ అట్రాసిటీ చట్టం 2015 సవరణతోని నేరమైంది. బహిష్కరిస్తమని బెదిరిచ్చినా నేరమే. కమిటీ తీర్మానం చేతికి దొరికితే ఫోటో తీయుండ్రి, తారీఖు రాసిపెట్టుకోండ్రి, ఠాణాకు ఒక్కరు కాదు, వాడంత కలిసి పోండ్రి.

మన దగ్గర కూడ కాయితం ఉన్నది. నడవాల్సింది మనం.

జై భీమ్.