ఎల్లిస్ దీవిలో నొక దినము

దూరదేశయాత్రలను గూర్చి వ్రాయువారు మేడలను, జలపాతములను వర్ణించుట పరిపాటి. మేమును 2024వ సంవత్సరపు వేసవి సెలవులలో మావారితోఁ గూడ అమెరికా దేశమునకుఁ బోయి, ఆఱు వారములు మా తమ్మునియింట నుండి, చూడఁదగినవి కొన్ని చూచి వచ్చితిమి. అయినను ఇల్లు చేరిన పిమ్మట మాకుఁ దఱచుగా జ్ఞప్తికి వచ్చుచున్నది మా మరదలి బీరువాలోని యొక రేకుపెట్టె. దానిని గూర్చియు, దానివలన మాకు బాగుగా బోధపడిన యొక దీవిని గూర్చియు నేఁడు వ్రాయఁబూనితిమి.

మా తమ్ముఁడు న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసన్ అను నూర నున్నాఁడు. విద్యుద్దీపమును 1879లో లోకమునకుఁ జూపిన ఎడిసన్ మహాశయుని ప్రయోగశాల అక్కడి మెన్లో పార్కులో నుండెడిది. అందుచే రారిటన్ అను పూర్వనామమును మార్చి 1954లో ఊరికి ఆయన పేరు పెట్టిరి. ప్రయోగశాల యున్నచోట 1938లో అంకితము చేసిన స్తంభముపై పెద్ద గాజుదీపము కలదు. ఓక్ ట్రీ రోడ్డను వీథియు ఈ ప్రాంతమునందే. అందు నడచుచుండఁగా మేము బెజవాడ బీసెంటు రోడ్డున నున్నామా యనిపించెను. చీరల దుకాణములు, బంగారు కొట్లు, మిఠాయి అంగళ్లు, గోంగూర కట్టలు, ఆవకాయ సీసాలు!

"ఇంతమంది మనవారు ఇచట స్థిరపడి సుఖముగా నున్నారు గదా!" అని మావారు సంతసించిరి.

మా తమ్ముఁడు నవ్వి, "స్థిరపడుట యెక్కడిది బావగారూ! వీరిలో చాలమంది పెట్టెలు సర్దుకొని స్టేషనులోఁ గూర్చున్నవారివలె నున్నారు" అనెను.

ఆ మాట కర్థము ఇంటికిఁ బోయిన పిదప తెలిసినది. ఆ దేశమున శాశ్వతముగా నుండుట కిచ్చు అనుమతిపత్రమునకు గ్రీన్‌కార్డని పేరు. ఉద్యోగమూలమున దానిని గోరువారిలో పెక్కుమందికి మూఁడు మెట్లు గలవు. ఈ పనికి తగిన స్వదేశీయులు దొరకలేదని యజమాని మొదట కార్మికశాఖకు నిరూపింపవలెను. ఇతఁడు మాకుఁ గావలెనని యజమానియే వలసశాఖకు అర్జీ పెట్టుట రెండవది. వరుసలోఁ దన వంతు వచ్చినపుడు ఉద్యోగి తానై పెట్టుకొను దరఖాస్తు మూఁడవది. ఉద్యోగుల తరగతికి ఏఁటికి సుమారు 1,40,000 కార్డులు. భార్యాబిడ్డలును అందులోని వారే. ఏ యొక్క దేశమునకును సాధారణముగా నూటికి ఏడు పాళ్లు మించరాదు. దేశము చిన్నదైనను పెద్దదైనను కొలఁత యొక్కటే యగుటచే మనవారి వరుస మిక్కిలి పొడవు.

మా తమ్ముఁడు 2014లో ఈ వరుసలో నిలిచెను. 2020 అక్టోబరులో తేదీలు హఠాత్తుగా ముందుకు జరుగఁగా మూఁడవ దరఖాస్తు పెట్టుకొనెను. కొలఁది కాలమునకే తేదీలు మరల వెనుకకుఁ బోయెను, దరఖాస్తు నిలిచిపోయెను. 2021 మే నెలలో మా తండ్రిగారు కాలముచేసిరి. మన దేశమునుండి వచ్చు తాత్కాలిక వీసాదారులకు ఆ నెల 4వ తేదీనుండియే అమెరికావారు తలుపులు మూసిరి. దరఖాస్తుదారుల కిచ్చు ప్రయాణానుమతియు తమ్మునికిఁ జేరలేదు. వచ్చినచో ఆలుబిడ్డలను అక్కడ విడిచి ఇచట చిక్కుకొనవలసినదే. ఏకైక పుత్రుఁడు తండ్రి చితికి నిప్పు పెట్టలేకపోయెను. ఆ కార్యము మా పినతండ్రిగారు చేసిరి. ఒక కాగితము విలువ యేమో మాకు ఆనాఁడే తెలిసినది.

2022లో తమ్మునికి మఱియొక కంపెనీవారు పని యిచ్చెదమనిరి. పాత కంపెనీలో మనుష్యులను తగ్గింతురని వదంతి. కదలకున్నచో పని పోవునేమో, కదలినచో ఎనిమిదేండ్ల వరుస పోవునేమో యని దంపతులకు నిద్రలేదు. దరఖాస్తు సిద్ధపఱచిన వకీలు కంపెనీవారి వకీలే. "కంపెనీని విడుచు విషయమున నేను మీకు సలహా చెప్పరాదు" అని ఆతఁడు మర్యాదగానే తప్పించుకొనెను. ఆతని తప్పును మే మెన్నము. ఇరువురకును వకీలైనవాఁడు ఆ యిరువురు విడిపోవునపుడు నోరు విప్పుట కష్టము.

అప్పుడు మా మరదలు దాఁచుకొన్న సొమ్ముతో వేఱొక వకీలును కుదిర్చెను. ఆ వకీలమ్మ విషయమును చక్కగా విడమఱచినదఁట. మూఁడవ దరఖాస్తు పెట్టి 180 దినములు గడచి, రెండవ అర్జీ మంజూరై యున్నయెడల, 2000 సంవత్సరపు చట్టము ప్రకారము అదే తరహా పనికి మాఱవచ్చును. కొత్త యజమాని "జె" యను అనుబంధపత్రముపై సంతకము చేయవలెను. వకీలును మార్చుటకు కొత్త వకీలు తన వకాల్తాను దాఖలు చేసినఁ జాలును. రెండవ అర్జీ యజమానిది, మూఁడవ దరఖాస్తు ఉద్యోగిది. అది ఆతనిని విడిచి యెక్కడికిని పోదు.

"అయితే పని అదే తరహాదని చూపుటకు మొదటి మెట్టున వ్రాసిన పనుల వివరము కావలెను. ఆ కాగితము మీయొద్ద నున్నదా?" అని ఆమె యడిగెను. పాత కంపెనీవారు ఇయ్యమనిరి.

మా మరదలు బీరువా తెఱచి రేకుపెట్టెను తీసెను. 2014లో ఆ కాగితము సంతకమునకై ఇంటికి వచ్చిననాఁడు, కాపురమునకు వచ్చి నాలుగు నెలలైనను కాని యా పిల్ల, గ్రంథాలయమునకుఁ బోయి పుటపుటకును నకలు తీయించి భద్రపఱచినది. "అంత దూరము నీ కెట్లు తోఁచినదమ్మా?" అని మేమడిగితిమి. "మా నాన్నగారు రిజిస్ట్రారు కచేరీయెదుట దస్తావేజులు వ్రాయువారు వదినగారూ. సంతకము పెట్టిన కాగితము నకలు లేక గడప దాటరాదని చెప్పెడివారు" అని యామె బదులు చెప్పెను.

అంతటితోఁ దీఱలేదు. కొత్త వకాల్తా నమోదగుటకు ముందే సర్కారువారు "జె" పత్రమును గోరుచు జాబు వ్రాసిరి. పాత వకీలునకుఁ బోయిన ప్రతి ఆతని కచేరీలోనే నిద్రించినది. అప్పుడే యిల్లు మాఱియుండిరి. చట్టము చెప్పినట్లు పది దినములలోపల మరదలు చిరునామామార్పును తెలిపియుండుటచే రెండవ ప్రతి వారి గుమ్మముననే వ్రాలెను. గడువులోపల బదులు పోయెను. ఉంగరము చేజాఱఁగా శకుంతల సభలో నెంత యవమానము పడినదో మన మెఱుఁగుదుము. సత్యము తనదైనను గుర్తు చేతిలో లేనివారి మాట రాజద్వారమునఁ జెల్లదు.

ఒక యాదివారము తమ్ముఁడు మమ్ములను జెర్సీ నగరపు రేవునుండి పడవపై ఎల్లిస్ దీవికిఁ గొనిపోయెను. 1892 మొదలు 1954 వఱకు సుమారు కోటియిరువదిలక్షల మంది వలసవారు ఈ దీవిమీఁదుగా ఆ దేశమునఁ బ్రవేశించిరి. 1897లో నిచటి కొయ్యభవనము తగులఁబడఁగా 1855 నాఁటినుండి యున్న వలస దస్తరములు బూడిదయయ్యెను. అది వినఁగనే మా మరదలు చేతిసంచిని గట్టిగాఁ బట్టుకొనెను! నేఁటి భవనము 1900లోఁ దెఱచినది. మేడమెట్లెక్కుచున్న వలసవారిని వైద్యులు పరికించి, రోగ మనుమానించినచో వారి బట్టలపై సుద్దతో గుర్తులు పెట్టెడివారఁట. మేడపైని పెద్ద సావడిలో ప్రశ్నలు. పెక్కుమందికి కొన్ని గంటలలోనే విడుదల. నూటికి ఇంచుమించు ఇద్దఱు మాత్రమే తిరుగుముఖము పట్టిరి.

ఆ ప్రశ్నలలో నొకటి మమ్ము నిలువఁబెట్టినది. "నీకిచట పని ముందే కుదిరియున్నదా?" కుదిరినదన్నచో ప్రమాదము! కూలికై ముందుగా ఒడంబడిక చేసికొని వచ్చుటను 1885 నాఁటి చట్టము నిషేధించినది. తమ్ముఁడు పకపక నవ్వి, "అక్కయ్యా, నన్నును అదే ప్రశ్న యడుగుచున్నారు. లేదన్నచో నా దరఖాస్తు నిలువదు" అనెను. మేమును నవ్వితిమి కాని ఆ సావడిలోని బల్లపై కొంతసేపు కూర్చుండిపోతిమి. ఆనాఁటివారి నిరీక్షణ కంటికిఁ గనఁబడునది. చివర నొక ద్వారముండెను. మనవారికి 1917 చట్టముతో ఆ ద్వారమును మూసి, 1946లో ఏఁటికి నూఱుమందికి మాత్రము తెఱచిరి. 1965 చట్టము పిమ్మటఁ గదా మనవారు పెద్దసంఖ్యలోఁ బోయిరి! నేఁటి మా తమ్ముని నిరీక్షణకు సావడి లేదు, బల్ల లేదు. అది వంటయింటను, పడకటింటను, బిడ్డల బడిలోను వ్యాపించియున్నది.

మేము బయలుదేఱునాఁటికి కార్డు రాలేదు. అయినను తమ్ముఁడు కొత్తపనిలోఁ గుదురుగా నున్నాఁడు. ప్రయాణానుమతియు చేతికి వచ్చినది. తండ్రిగారి సంవత్సరీకమునకు ఈసారి వచ్చెదనని మాట యిచ్చెను.

సోదరీమణులారా! మగవారి కాగితములు మనకేలయని మన మందఱము తలంతుము. మేమును పదునాఱేండ్లు అట్లే తలంచితిమి. ఇంటికి వచ్చిన మఱునాఁడు మావారి నడిగితిమి: "మీ సర్వీసు రిజిస్టరు నకలు ఎక్కడ నున్నది?" ఆయన తడుముకొని, "బడిలో నుండును" అనిరి. ఆ సాయంకాలమే బజారునుండి ఒక రేకుపెట్టె తెప్పించితిమి.